పిస్టల్‌కు లైటు: కొనడం, బిగించడం, వాడటం

మా మామగారు తెనాలి నుంచి డాలస్ వచ్చిన మూడో రాత్రి. రెండున్నరకు కింద వంటింట్లో స్టీలు గిన్నె జారిన చప్పుడైంది. మా ఆవిడ పక్కనే నిద్రపోతోంది, పిల్లల గది తలుపు వేసే ఉంది. సగం నిద్రలో ఉన్న బుర్రకు ఇంట్లో ఐదో మనిషి ఉన్న సంగతి తట్టలేదు. సేఫ్ తీసి, పిస్టల్ పట్టుకుని మెట్ల దాకా వచ్చాను. పిస్టల్ కింద వెయ్యి లుమెన్ల లైటుంది, బిగించి నెల కూడా కాలేదు. మెట్ల మీద కాళ్లు ఆగిపోయాయి. కింద ఎవరో చూడాలంటే ఆ లైటు వెయ్యాలి. ఆ లైటు వెయ్యాలంటే తుపాకీని అటు తిప్పాలి. చేతిలో మామూలు టార్చి లేదు. "ఎవరది?" అని తెలుగులోనే అరిచాను.

"నేనేనండీ అల్లుడుగారూ, పంచదార డబ్బా ఎక్కడుందో కనపడట్లేదు" అని జవాబొచ్చింది.

జెట్‌లాగ్‌తో నిద్రపట్టక పాపం కాఫీ పెట్టుకుంటున్నారాయన. మర్నాడు పొద్దున్నే నేను చేసిన మొదటి పని ఒక చేతి టార్చి ఆర్డర్ పెట్టడం. పిస్టల్ లైటు గురించి ఎవరు అడిగినా అక్కణ్నుంచే మొదలుపెడతాను. ఇదంతా అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్ లాంటి చోట్ల ఉంటూ ఇంటి కాపలాకు పిస్టల్ కొన్న మన వాళ్ల కోసం.

అన్నిటికంటే ముందు మీ వీసా చూసుకోండి

హెచ్‌1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ ఉంటే వర్తించే మినహాయింపు ఒకటుంది. దాని మీద ఆధారపడే ముందు లాయర్‌తో మాట్లాడండి, వాట్సాప్ గ్రూపులో మిత్రుడు చెప్పాడని నమ్మకండి. తుపాకీ కేసులో నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డంకి లేదు. ఇంకోటి: టెక్సాస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి అందేలా లోడ్ చేసిన తుపాకీ వదిలేయడం నేరం. కాబట్టి లైటు కొనే లోపు సేఫ్ కొనండి. లైటు బిగించాక పిస్టల్ ఎత్తు పెరుగుతుంది, చిన్న సేఫుల్లో పట్టదు. లోపలి కొలత ముందే చూసుకోండి. నేను చూసుకోలేదు, సేఫ్ మార్చాల్సి వచ్చింది.

మొదట చేతి టార్చి

ఇది దాటేసి ముందుకు వెళ్లొద్దు. పిస్టల్‌కు బిగించిన లైటు తుపాకీ మూతి చూసే వైపే చూస్తుంది. అంటే దానితో వెతకడం అంటే ఇంట్లో ఉన్న ప్రతి తలుపు మీద, ప్రతి మంచం మీద తుపాకీ గురిపెట్టడమే. కాల్చడానికి మీరు సిద్ధంగా లేని దేని వైపూ మూతి తిప్పకూడదన్నది తుపాకీ పట్టినవాడికి మొదటి రోజే చెప్పే నియమం. లైటుంది కదా అని ఆ నియమం సడలదు.

కాబట్టి చూడటానికి చేతి టార్చి. వెనక బటన్ ఉండాలి, నొక్కితే వెలగాలి, వదిలితే ఆరాలి. 500 నుంచి 1000 లుమెన్లు ఇంటికి బోలెడు. ఐదారు మోడ్‌లు, ఎస్ఓఎస్ (ఆపదలో ఉన్నామని సైగ చేసే మోడ్), రంగురంగుల లైట్లు ఉన్నవి వద్దు, అర్ధరాత్రి రెండుసార్లు నొక్కితే కళ్లముందు డిస్కో మొదలవుతుంది. నడవాలో, మెట్ల దగ్గర గోడ ప్లగ్గులో పెట్టే సెన్సర్ దీపాలు కూడా రెండు పెట్టండి, పది డాలర్లలో వస్తాయి. మా మామగారు ఉన్న ఆ రాత్రి మెట్ల కింద అలాంటి దీపం ఒక్కటి ఉండుంటే ఈ కథే ఉండేది కాదు.

మరి పిస్టల్ లైటు ఎందుకు? చేతులు రెండూ పిస్టల్ మీదే ఉండాల్సిన క్షణం ఒకటి వస్తే, లేదా ఒక చేత్తో పిల్లను లాక్కోవాల్సి వస్తే, ఎదురుగా ఉన్నది ఎవరో, చేతిలో ఏముందో కనపడాలి కదా. దానికి. పర్సులో క్రెడిట్ కార్డు ఉన్నా చిల్లర ఉంచుకుంటాం చూడండి, అలా రెండూ ఉండాలి.

లుమెన్లు ఒకటి, కాండెలా ఇంకొకటి

దుకాణంలో పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండేది లుమెన్లు. లైటులోంచి మొత్తం ఎంత వెలుగు బయటికొస్తోందో చెప్పే లెక్క అది. ఆ వెలుగు ఒక చోటికి ఎంత గట్టిగా చేరుతోందో చెప్పేది కాండెలా, అది వెనకవైపు చిన్నక్షరాల్లో ఉంటుంది. తోట పైపు చివర వేలు అడ్డం పెడితే అవే నీళ్లు దూరంగా చిమ్ముతాయి కదా. నీళ్లెన్ని అన్నది లుమెన్, ఎంత దూరం చిమ్మిందన్నది కాండెలా.

లెక్క సులువు. కాండెలాను దూరం వర్గంతో భాగిస్తే ఆ దూరంలో ఎంత వెలుగు పడుతుందో లక్స్‌లో వస్తుంది. స్ట్రీమ్‌లైట్ కంపెనీ పిస్టల్ లైటు టీఎల్‌ఆర్-7ఏ 500 లుమెన్లు, 5,000 కాండెలా. ఐదు మీటర్ల దూరంలో, అంటే హాలు ఈ చివర నుంచి ఆ చివరకు, 200 లక్స్. మీ హాలులో రాత్రి దీపాలన్నీ వేస్తే ఉండే వెలుగు ఇంచుమించు అంతే. మనిషి మొహం, చేతులు శుభ్రంగా కనపడతాయి. అదే కంపెనీ టీఎల్‌ఆర్-1 హెచ్‌ఎల్ 1,000 లుమెన్లు, 20,000 కాండెలా. అదే చోట 800 లక్స్. తేడా పెరట్లో తెలుస్తుంది: 40 మీటర్ల దూరంలో ఫెన్సు దగ్గర చిన్నది 3 లక్స్ వేస్తే పెద్దది 12 పైన వేస్తుంది.

ష్యూర్‌ఫైర్ అనే ఇంకో కంపెనీ లైటు ఎక్స్300 అల్ట్రా 1,000 లుమెన్లు, 11,300 కాండెలా. దాని తమ్ముడు ఎక్స్300 టర్బో 650 లుమెన్లే, కానీ 66,000 కాండెలా. లుమెన్లు తగ్గాయి, కాండెలా ఆరు రెట్లయింది. పెట్టె మీద పెద్దక్షరాలు చూసి కొనేవాడు టర్బోను పక్కన పడేస్తాడు. పొలం, పెద్ద స్థలం ఉన్నవాడు దాన్నే వెతుక్కుంటూ పోతాడు.

పెట్టె మీద "283 మీటర్లు" అని ఉంటే ఆ దూరంలో మనిషి గుర్తుపట్టేలా కనపడతాడని కాదు. వెలుగు 0.25 లక్స్‌కు, అంటే నిండు వెన్నెలంతకు, పడిపోయే దూరం అది. వెన్నెల్లో మొహం పోల్చుకోగలమా? ఆ అంకెలో నాలుగో వంతు దూరానికే లెక్కేసుకోండి. (కాండెలాకు వర్గమూలం కట్టి రెండుతో గుణిస్తే ఆ మీటర్లు వస్తాయి, ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లాడు ఉంటే వాడికి ఇవ్వండి లెక్క.)

అపార్ట్‌మెంట్, టౌన్‌హోమ్ అయితే 500 లుమెన్లు, 5,000 కాండెలా చాలని నా అభిప్రాయం. తెల్ల గోడల మీద 1,000 లుమెన్లు పడితే తిరిగి మన కళ్లలోనే కొడుతుందని కొందరు భయపెడతారు. కొట్టేమాట నిజమే, రెండు మూడు క్షణాల్లో కన్ను సర్దుకుంటుంది. అసలు ఇబ్బంది అద్దాలు. మా నడవా చివర పూజ అలమరలో అద్దం పటాలున్నాయి. మొదటిసారి లైటు అటు వేసినప్పుడు వెంకటేశ్వరస్వామి కనపడలేదు, నాకు కళ్లూ కనపడలేదు.

మీ పిస్టల్‌కు ఏది సరిపోతుంది

ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) ముందు, గొట్టం కింద గాడి ఉంటే దాన్ని రైల్ అంటారు. కొలతల్లో పేరున్నది పికటినీ రైల్, న్యూజెర్సీలోని ఆయుధాగారం పేరు మీద వచ్చింది, అమెరికా సైన్యం 1995లో మిల్-స్టాండర్డ్ 1913గా ఖాయం చేసింది. గ్లాక్ రైల్ చూడటానికి అలాగే ఉన్నా గాడి కొలత వేరు. అందుకే లైటు డబ్బాలో చిన్న చిన్న ప్లాస్టిక్ లేదా లోహపు ముక్కలు నాలుగైదు ఇస్తారు, వాటిని కీ అంటారు. డబ్బా పారేసేటప్పుడు వాటిని పారేయకండి.

గ్లాక్ 19, 17 లాంటి వాటికి ఏదైనా సరే. చిన్న పిస్టళ్లతోనే చిక్కు: గ్లాక్ 43ఎక్స్ మామూలు రకానికి రైల్ ఉండదు, పేరులో ఎమ్ఓఎస్ అని ఉన్నదాని లాంటి కొన్ని రకాలకే ఉంటుంది. సిగ్ పీ365కి ఆ కంపెనీ సొంత రైల్. టీఎల్‌ఆర్-7 సబ్ అనే లైటు ఈ రెంటికీ వేర్వేరు రకాలుగా దొరుకుతుంది. పెట్టె మీద మీ పిస్టల్ పేరు చదివి కొనండి. ఒకదానికి కొన్నది రెండోదానికి ఎక్కదు.

ఇరవై డాలర్ల లైటు గురించి ఒక్క మాట. ప్రతి తూటాకీ పిస్టల్ ఒక్క ఉదుటున వెనక్కి తన్నుతుంది. లోపల స్ప్రింగు, బ్యాటరీ, బల్బు అన్నీ ఆ దెబ్బ తింటాయి. నేను మొదట కొన్న చవక లైటు మూడో మ్యాగజీన్‌కు (తూటాలు నింపే డబ్బీ) రేంజ్‌లో, అంటే కాల్పులు సాధన చేసే చోట, నేల మీద పడి దొర్లింది. నాలుగు నెలలు ఆగి మంచిది కొనండి, ఆ లోపు చేతి టార్చి ఎలాగూ ఉంది.

స్విచ్ దగ్గర మాత్రం నేను గట్టి పట్టు పడతాను. 2010లో ఇక్కడే, డాలస్ పక్కన ప్లేనో పోలీసు అధికారి ఒకడు తుపాకీకున్న లైటు వేయబోయి ట్రిగ్గర్ నొక్కేశాడు. ఎదురుగా ఉన్న మనిషి చనిపోయాడు. గాభరాలో ఒక వేలు బిగిస్తే పక్క వేళ్లూ తెలియకుండానే బిగుసుకుంటాయి. పిండి పిసికేటప్పుడు ఒక్క వేలితో నొక్కి చూడండి, తెలుస్తుంది. అందుకని పిడి మీద పట్టుతో వెలిగే స్విచ్ వద్దు. చూపుడువేలితో వేసే అలవాటూ వద్దు. ట్రిగ్గర్ వేలికి ట్రిగ్గర్ ఒక్కటే పని, ఆ పని లేనప్పుడు అది ఫ్రేమ్ (పిస్టల్ ఒళ్లు) పక్కన పైన సాచి ఉండాలి. లైటు వేయాల్సింది ఎడమచేతి బొటనవేలు (మీరు ఎడమచేతి వాటమైతే కుడిది). దుకాణంలో ఖాళీ పిస్టల్‌కు బిగించి చూపించమనండి. పట్టు మార్చకుండా బొటనవేలు స్విచ్‌కు అందుతోందా? అందకపోతే ఆ లైటు ఎంత గొప్పదైనా మీది కాదు.

స్ట్రోబ్, అంటే చిటపటా వెలిగి ఆరే మోడ్, ఆపేసుకునే వీలుంటే ఆపేయండి. ఎదుటివాడి సంగతేమో గానీ చేతిలో ఫోనుందో కత్తి ఉందో మీకు పోల్చుకోవడం కష్టమవుతుంది.

బిగించడం

మ్యాగజీన్ బయటికి తీయండి. ఆ తర్వాత స్లైడ్ (పిస్టల్ పైన జరిగే భాగం) వెనక్కి లాగి ఛాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) ఉన్నది బయటపడేయండి. ఈ వరస తిరగబడితే మ్యాగజీన్‌లోంచి ఇంకో తూటా లోపలికి ఎక్కుతుంది. స్లైడ్ వెనక్కి నిలిపి ఛాంబర్ లోపలికి కంటితో చూడండి, చిటికెనవేలు పెట్టి తడమండి. తూటాలన్నీ పక్క గదిలో పెట్టి రండి. "ఖాళీయే, నాకు తెలుసు" అనుకున్నప్పుడు మళ్లీ చూడండి.

మీ రైల్‌కు తగిన కీ లైటుకు పెట్టండి. మూతి గోడ వైపు ఉంచి, చెయ్యి మూతి ముందుకు రాకుండా లైటును కింద నుంచి గానీ పక్క నుంచి గానీ రైల్‌కు ఆనించండి. కీ గాడిలో కూర్చున్నప్పుడు చిన్న టక్కు వినిపిస్తుంది, ఆ తర్వాత ముందుకూ వెనక్కీ కదలదు. కదిలితే కీ తప్పు. స్క్రూను వేళ్లతో బిగిసినంత బిగించి, క్వార్టర్ నాణెంతో ఇంకొంచెం తిప్పండి. పళ్లు కొరుక్కుంటూ బిగించక్కర్లేదు, ఫ్రేమ్ ప్లాస్టిక్‌ది. తర్వాత స్క్రూ మీంచి లైటు ఒంటి మీదికి సన్నగా ఒక గీత గీయండి. నేను మా ఆవిడ గోళ్లరంగు వాడాను, ఎర్రది. స్క్రూ వదులైతే గీత రెండు ముక్కలై కనపడుతుంది.

ఇప్పుడు రేంజ్‌కి వెళ్లి, లైటు బిగించే ఉంచి, కనీసం వంద తూటాలు కాల్చండి. లైటు బరువుకు కొన్ని పిస్టళ్లు అప్పుడప్పుడూ మొరాయిస్తాయి. గురి కాస్త అటూఇటూ అయిందేమో చూసుకోండి. వెలుగు మచ్చ నడిమధ్య గురి ఉండాలని లేదు, చుట్టూ ఉన్న పలచటి వెలుగు కూడా పనిచేసేదే.

పాత హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర) ఇక పనికిరాదు. లైటుతో సహా ఆ పిస్టల్‌కే అచ్చు పోసిన హోల్‌స్టర్ కావాలి. పెద్ద లైట్లకు హోల్‌స్టర్ మూతి వెడల్పుగా ఉంటుంది, పిస్టల్ లోపలున్నా పక్క సందులోంచి ట్రిగ్గర్ తాకేంత ఖాళీ వస్తుంది. ఒంటి మీద పెట్టుకు తిరిగేవాళ్లకు అందుకే చిన్న లైటు మేలు.

ఇంట్లో సాధన: ముందు తుపాకీ లేకుండా

లైటును పిస్టల్ నుంచి ఊడదీయండి. అవును, ఊడదీసి, లైటు ఒక్కటే రెండు చేతుల మధ్య పట్టుకుని, రాత్రి దీపాలన్నీ ఆర్పి ఇల్లంతా తిరగండి. ఇంట్లో వాళ్లకు చెప్పి చేయండి, లేకపోతే అదో భాగోతం.

పడకగది గుమ్మంలో నిలబడి లైటును ఎదుటి గోడ అడుగున, నేలకు తగిలే చోట వేయండి. చూడండి, గదంతా వెలిగింది. నేల మీద కొట్టిన వెలుగు పైకి లేచి మంచం, అలమర, మనిషి మొహం అన్నీ చూపిస్తుంది. దీనికోసం ఎవరి వైపూ లైటు ఎత్తక్కర్లేదు. తర్వాత సీలింగు మీదికి వేసి చూడండి, ఇంకా సమంగా పరుచుకుంటుంది. కింద తివాచీ ముదురు రంగుదైతే నేల పద్ధతి అంతగా పనిచేయదు, తెల్ల టైల్స్ అయితే అద్భుతం. మీ ఇంట్లో ఏ మూల ఎలా వెలుగుతుందో మీరే కనిపెట్టాలి. అద్దం, ఫ్రిజ్ తలుపు, టీవీ, గిన్నెల స్టాండు, ఎక్కడెక్కడ వెలుగు వెనక్కి కొడుతోందో గుర్తుపెట్టుకోండి.

ఇది ఒక వారం చేశాక పిస్టల్‌కు బిగించండి. పిస్టల్ ఖాళీ చేసి, పైన చెప్పినట్టు తూటాలు వేరే గదిలో పెట్టాకే సుమా. మూతి కిందికి, గోడ-నేల కలిసే గీత మీదికి. బొటనవేలితో వెయ్యి, చూడు, ఆర్పు, ఒక అడుగు పక్కకు జరుగు. వెలిగించిన చోటే నిలబడితే మీరెక్కడున్నారో అవతలివాడికి చెప్పినట్టే. వెనక గదిలోంచి దీపం పడుతుంటే మీ నీడే ముందు కనపడుతుంది, ఆ దీపం ఆర్పి రండి.

ఇక నిజంగా చప్పుడైన రాత్రి ఏం చేయాలో నేను పెట్టుకున్న వరస ఇది. ముందు ఇంట్లో ఎంతమంది ఉన్నారో పైకి లెక్కపెట్టు: మా ఆవిడ, పెద్దాడు, చిన్నది, మామగారు. లేచిన మొదటి పది క్షణాలు బుర్ర పనిచేయదు, నోటితో చెబితే చేస్తుంది. రెండోది, పిల్లల్ని ఒక గదిలోకి చేర్చి తలుపు వేసి 911కి ఫోన్ చెయ్యి. వీలుంటే ఆ గది దాటకు, వెతకడం పోలీసుల పని. మూడోది, కేక వెయ్యి, తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి. దొంగకు తెలుగు రాకపోయినా నష్టం లేదు, మామగారికి వస్తుంది. బయటికి కదలాల్సే వస్తే చేతి టార్చి ముందు. పోలీసులు వచ్చే సరికి పిస్టల్ చేతిలో ఉండకూడదు, అది కూడా ఫోన్‌లో చెప్పండి.

రైఫిల్ ఉన్నవాళ్లకు పొట్టిగా: లైటు గొట్టానికి పక్కన, గడియారం లెక్కన పదకొండు గంటల లేదా ఒంటిగంట స్థానంలో పెట్టండి, మరీ వెనకైతే గొట్టం నీడ అడ్డం పడుతుంది. తీగ ఉన్న ప్యాడ్ స్విచ్ కంటే లైటు వెనక బటనే నమ్మకం, తీగ ఎక్కడో తగులుకుంటుంది. టెక్సాస్‌లో సొంతదారు అనుమతితో ప్రైవేటు స్థలంలో అడవి పందుల్ని రాత్రి లైటేసి కొట్టొచ్చు. జింకలకు ఆ మాట వర్తించదు, సూర్యాస్తమయం దాటి అరగంటకు వాటి వేట ముగిసినట్టే.

మసి, బ్యాటరీలు

రేంజ్ నుంచి వచ్చాక లైటు అద్దం చూడండి. వంద తూటాలకే బూడిద రంగు పొర కడుతుంది, ఇంకా కాలిస్తే నల్లగా గట్టిపడుతుంది. వెలుగు సగం మింగేస్తుంది. వెళ్లే ముందే పెదాలకు రాసుకునే లిప్‌బామ్ అద్దం మీద పలచగా పూస్తే మసి దానికి పట్టుకుంటుంది, ఇంటికొచ్చి గుడ్డతో తుడిస్తే పోతుంది. ఇంట్లో పెట్టేటప్పుడు మాత్రం బామ్ ఉండకూడదు, వెలుగు మసకబారుతుంది. పూయడం మర్చిపోయి మసి గట్టిపడితే పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. కత్తి, ఇసుక కాగితం జోలికి పోవద్దు.

బ్యాటరీలు ఎక్కువ లైట్లకు సీఆర్123ఏ, 3 వోల్టుల లిథియం. డబ్బాలో పడి ఉంటే పదేళ్లు నిలుస్తాయి, వెలిగిస్తే గంటన్నరలో అయిపోతాయి. వీటిని ఛార్జ్ చేయకూడదు, మంటలొస్తాయి. సైజు అదే కదా అని 16340 అనే ఛార్జింగ్ బ్యాటరీ వేయకండి, వోల్టేజి ఎక్కువ, లైటు కాలిపోవచ్చు. రెండు బ్యాటరీల లైటుకు పాతదొకటి, కొత్తదొకటి కలపొద్దు. కొన్ని లైట్లకు ముందు మూత తిప్పి బ్యాటరీ వేయాలి, అంటే వేళ్లు తుపాకీ మూతి పక్కకు వస్తాయి. అలాంటిదైతే లైటును పూర్తిగా ఊడదీసి మార్చండి.

మార్చిలో, నవంబర్‌లో గడియారాలు మార్చే ఆదివారం ఇక్కడ అందరూ పొగ అలారం బ్యాటరీలు మారుస్తారు కదా, నేనూ నిచ్చెన దించే లోపు రెండు లైట్లవీ మార్చేస్తాను. తీసినవాటిలో ఇంకా ప్రాణం ఉంటుంది, అవి మామగారి టార్చికి వెళ్తాయి. ఇప్పుడు ఆయన వచ్చినప్పుడల్లా దిండు పక్కన ఒకటి పెడుతున్నాం, పంచదార డబ్బా మీద తెలుగులో చీటీ కూడా అంటించాం.